ఊరందరికీ ఒకే ఫోను నంబరు: లాగిన్ పేజీతో నా తంటాలు

లాగిన్ పేజీ అంటే ఒక పూట పని అనుకునేవాళ్లతో వాదించి వాదించి నా గొంతు అరిగిపోయింది. రెండు పెట్టెలు, ఒక బటన్, పైన ఒక లోగో, ఇంతేగా మేడమ్ అంటారు. ఇంతే. ఇంటి తలుపు కూడా రెండు రెక్కలు, ఒక గడియే. అది ఎవరికి తియ్యాలి, ఎవరికి తియ్యకూడదు, తలుపు ముందు నిలబడ్డ మనిషి తాను ఫలానా అని ఎలా చెప్పుకోవాలి అన్నవి తేల్చుకోవడానికి నాకు ఉద్యోగ జీవితమంతా పట్టింది. తేలిపోయిందని ఇప్పటికీ చెప్పలేను.

నేను రిటైరై ఏడాది దాటింది. తిరువూరులోనే ఉంటున్నాను. ఇంజనీరింగు ముగించి ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ సర్టిఫికెట్టు తీసుకుంటే ఉద్యోగం వస్తుంది అని అడుగుతారు. నాకు తెలిసిన కోర్సులన్నీ పాతబడిపోయాయి. పాతబడనివి నేను చేసిన తప్పులు మాత్రమే. వాటిలో ఒకటి చాలా పెద్దది. దాని వల్ల ఒకావిడ పంట పోయింది. ఇదంతా రాస్తున్నది దాని గురించే. ముందు చెప్పే నాలుగు ముక్కలూ అక్కడికి ఎలా చేరానో తెలియడానికి.

వెనక నిలబడి చూడమన్న మనిషి

మొదటి ఇరవై ఏళ్లు హైదరాబాదులో పనిచేశాను. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పెట్టుకునే సైట్లకు లాగిన్లు తయారుచేసేవాళ్లం. ఆ పని సుఖంగా ఉండేది. లోపలికి వచ్చేవాడు ఉద్యోగి. వాడి పేరు, ఫొటో, చిరునామా కంపెనీ దగ్గర ముందే ఉంటాయి. పాస్‌వర్డ్ మర్చిపోతే మెట్లు దిగి కింది అంతస్తుకు వచ్చి గుర్తింపు కార్డు చూపిస్తాడు. మనం కొత్తది ఇస్తాం. మనిషెవరో ముందే తెలిసినచోట తాళం పెట్టడం పెద్ద విద్యేమీ కాదు.

అక్కడ మా మేనేజరు రంగనాథం గారు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్త పేజీ తయారు కాగానే మమ్మల్ని ఎవరో ఒక ఉద్యోగి వెనక నిలబెట్టేవారు. నోరు మెదపకూడదు. వాళ్లు తడబడుతుంటే చూస్తూ ఉండాలి. మాట్లాడకుండా నిలబడటం నాకు నరకం. ఒకసారి ఒక గిడ్డంగి గుమాస్తా మూడుసార్లు తప్పు కొట్టి లాక్ అయిపోయాడు. నేను నా నోటుపుస్తకంలో "వాడకందారు పొరపాటు" అని రాశాను. రంగనాథం గారు అది చూసి కొట్టేశారు.

"పొరపాటో కాదో తర్వాత తేలుద్దాంలే అమ్మా. ఆయన ఏం చేశాడో అది రాయి ముందు" అన్నారు.

ఆ గుమాస్తా చేసిందల్లా కళ్లజోడు మర్చిపోయి రావడం. మా పేజీలో పెట్టెలు బూడిద రంగు మీద బూడిద రంగు. ఈ సంగతి నాకు ముప్ఫై ఏళ్ల వయసులో తెలిసింది. యాభై దాటాక పూర్తిగా మర్చిపోయాను.

పచ్చరంగు మీద ఆరు మీటింగులు

మా వారికి తిరువూరు కాలేజీలో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చేశాం. నాకు ఇక్కడేం పని దొరుకుతుందిలే అనుకున్నాను. దొరికింది. కాలువ చివరి భూముల రైతులు కలిసి పెట్టుకున్న సమాఖ్య ఒకటి ఉండేది. పేరు చెప్పను. వాళ్లకో సైటు కావాలి. ఏ తూము కింద నీళ్లు ఎంతవరకు వచ్చాయో రైతులు అందులో రాస్తారు, గండి పడితే ఫొటో పెడతారు. లస్కర్లు, అంటే కాలువ మీద తిరిగి తూముల తలుపులు ఎత్తి దించేవాళ్లు, నీటి మట్టం రాస్తారు. ఎవరి పొలానికి ఏ రోజు ఏ వేళకు నీళ్లో ఆ వంతుల జాబితా కూడా అందులోనే పెడతారు. చదవడానికి ఎవరైనా చదవొచ్చు. రాయాలన్నా, వంతు ఖాయం చేసుకోవాలన్నా లాగిన్ కావాలి.

ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను. కాలువ చివర ఉన్నవాడికి తన నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో తెలియడమే పెద్ద మేలు.

కానీ సమాఖ్యవాళ్లు కొన్న సాఫ్ట్‌వేరు ఆఫీసు ఉద్యోగుల కోసం తయారైంది. దాని లాగిన్ పేజీ తెరవగానే, మీరు ఏ పద్ధతిలో లోపలికి రావాలనుకుంటున్నారు అని అడిగి రెండు పేర్లు చూపించేది. ఆ రెండు పేర్లూ నాకే ఒక క్షణం ఆలోచిస్తే గానీ అర్థమయ్యేవి కావు. మందు డబ్బా భుజాన వేసుకుని ఫోను తీసిన రైతుకి ఏం అర్థమవుతాయి? తప్పు కొడితే ఎర్రగా "ప్రమాణీకరణ విఫలమైనది" అని వచ్చేది. పెనుగొలను నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకి ఫోను చేసి, "విఫలమైందంటే నా దరఖాస్తు కొట్టేశారా అండీ? నేనేం తప్పు చేశానండీ?" అని గాభరా పడిపోయాడు.

ఈ సంగతులు మీటింగులో చెబుదామని వెళ్లాను. సమాఖ్య ఎండీ ప్రసాదు గారు మంచి మనిషే. పొద్దున్నే వస్తారు, టీ తెప్పిస్తారు, అందరినీ పేరుపేరునా పలకరిస్తారు. కానీ ఆయన ధ్యాసంతా రంగు మీద.

"పచ్చగా ఉండాలి మేడమ్. చూడగానే చేను గుర్తుకు రావాలి" అన్నారు.

ఏ పచ్చ? వరి పచ్చా, మామిడాకు పచ్చా? దీని మీద ఆరు మీటింగులు జరిగాయి. పక్కన అధ్యక్షుల వారి ఫొటో పెట్టాలా వద్దా అని ఇంకో రెండు. "అసలు లోపలికి వచ్చేది ఎవరు, వాళ్ల చేతిలో ఏముంటుంది" అని నేను ఎత్తిన ప్రతిసారీ, "అది మీ డిపార్ట్‌మెంటు కదా మేడమ్, మీరు చూసుకోండి" అనేవారు. చూసుకున్నాను. నాకు తెలిసినంతలో, నా కుర్చీలో కూర్చునే చూసుకున్నాను.

ఆ రెండు పేర్ల గొడవ తీసేశాను. ఎర్ర అక్షరాలు తీసేసి "మీరు కొట్టింది సరిపోలేదు, మళ్లీ ఒకసారి కొట్టండి" అని మామూలు మాటల్లో రాశాను. సైటు చదవడానికి లాగిన్ అడక్కుండా చేశాను. ఈ మూడూ మంచి పనులే. ఇప్పుడు చేయమన్నా ఇలాగే చేస్తాను.

ఉదాహరణకి ఇచ్చిన పాస్‌వర్డ్

పాస్‌వర్డ్‌కి ఎనిమిది అక్షరాలు ఉండాలి, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి. ఈ నియమం సాఫ్ట్‌వేరుతోపాటే వచ్చింది. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవన్న సంగతి ఆ నియమం పెట్టినవాళ్లకు తెలియకపోవచ్చు. నాకు తెలుసుగా! అయినా అలాగే ఉంచాను. పైగా తెలివిగా సహాయం పేజీలో ఒక పాస్‌వర్డ్ ఉదాహరణ రాసిపెట్టాను.

నెల తిరక్కుండా ఎ.కొండూరు నుంచి ఒక రైతు ఫోను చేశాడు. "మేడమ్, మీరిచ్చిన పాస్‌వర్డ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. మా బావమరిదికి కూడా అదే పెట్టించాను."

"అది మీకోసం ఇచ్చింది కాదండీ. ఎలా ఉండాలో చూపించడానికి రాశాను."

"ఏదైతేనేం మేడమ్, తెరుచుకుంటోందిగా."

వెళ్లి చూస్తే చాలామంది అదే పెట్టుకున్నారు. ఊరూరా ఒకే తాళంచెవి. తల పట్టుకున్నాను. ఆయన్ని విసుక్కున్నాను కూడా. విసుక్కోవాల్సింది ఎవరినో అప్పుడు తట్టలేదు.

పాస్‌వర్డ్‌లు ఎత్తేసి ఓటీపీ పెట్టాం. ఫోనుకి ఆరు అంకెల కోడ్ వస్తుంది, అది కొడితే లోపలికి వెళ్లొచ్చు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. కోడ్‌తో వచ్చే తెలుగు మెసేజ్ నేనే రాశాను. చివర "ఈ కోడ్ ఎవరికీ చెప్పకండి" అనే వాక్యం కూడా నాదే. ప్రసాదు గారు అందరికీ మిఠాయి పంచారు. ఇక గొడవలు తీరిపోయాయి అనుకున్నాం.

రిపోర్టులో ఎరుపు

ఓటీపీ పెట్టిన ఏడాదికి సైటు భద్రత తనిఖీ చేయడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. రెండు రోజులు కూర్చుని రిపోర్టు రాసిచ్చారు. అంతా పచ్చగా ఉంది, ఒక్కచోట తప్ప. ఒకే ఫోను నంబరు మీద నలభై దాకా ఖాతాలు. అందరూ వినగడప చుట్టుపక్కల రైతులు. నంబరు మాత్రం ఆ ఊళ్లో పురుగుమందుల కొట్టు పెట్టుకున్న సుబ్బారావు అనే ఆయనది.

చూడగానే నాకు అంతా అర్థమైపోయిందనిపించింది. ఈయనెవరో నలభై మంది పేరుతో వంతులు గుప్పిట్లో పెట్టుకున్నాడు. తన దగ్గర మందులు కొన్నవాళ్లకే నీళ్లు పెట్టిస్తున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమైంది. ఇన్నేళ్లు తాళాలు చేశాను గానీ ఒక దొంగని పట్టుకున్నది లేదు. ఇప్పటికి దొరికాడు అనుకున్నాను.

"మూసెయ్యండి మేడమ్. రిపోర్టులో ఎరుపు ఉండకూడదు" అన్నారు ప్రసాదు గారు. ఆయన చెప్పకపోయినా మూసేసేదాన్నే. ఒక నంబరుకి ఒక మనిషే అని నియమం రాసి, గురువారం మధ్యాహ్నం నలభై ఖాతాలూ లాక్ చేసి, ఆ నంబరుకి ఒక మెసేజ్ పంపాను. "ఈ నంబరు దుర్వినియోగం అవుతున్నందున దీనికి సంబంధించిన ఖాతాలన్నీ నిలిపివేయబడినవి." ఈ వాక్యం కూడా నేనే రాశాను.

వినగడపకి బస్సు ఉంది. ఎక్కితే గంటలో దిగేదాన్ని. ఎక్కలేదు.

శనివారం

వంతుల పద్ధతి ఒకసారి చెప్పాలి. జాబితా సైటులో పెట్టాక, వంతు వచ్చిన రైతు గడువులోగా లాగిన్ అయి "నీళ్లు కావాలి" అని నొక్కాలి. నొక్కకపోతే వంతు తర్వాతివాళ్లకి పోతుంది. అవసరం లేనివాడి తూము కింద నీళ్లు ఊరికే పారి డ్రైనులో కలవకూడదని పెట్టిన నియమం అది. ఆ శుక్రవారం పొద్దున్న పెట్టిన జాబితా ఆ పంటకి చివరి తడిది. గడువు శనివారం సాయంత్రం ఐదు. సోమవారం కాలువ కట్టేస్తారు.

శనివారం పదకొండింటికి ఒకావిడ ఆఫీసులోకి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిసంచిలో పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్ కార్డు, ఇంకా ఏవేవో కాగితాలు. పేరు రామతులశమ్మ, ఊరు వినగడప. రెండెకరాల మొక్కజొన్న. భర్త లారీ మీద పోతాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆయనతోనే పోతుంది.

"నా పేరు కొడితే ఆపేశారని వస్తోంది మేడమ్. రేపు పొద్దున నా వంతు. గింజ పాలు పోసుకుంటోంది, ఈ తడి పడకపోతే కంకి నిండదు."

"మీ ఖాతాలో ఉన్న ఫోను చూపించండమ్మా" అన్నాను.

"అది సుబ్బారావు గారి ఫోను కదా మేడమ్. కొట్లో ఉంటది."

"మీ ఖాతాకి ఆయన ఫోను ఎందుకిచ్చారు?"

నేను అడిగిన తీరుకి ఆవిడ తెల్లబోయింది. "అందరం అదే ఇస్తామండి. గ్యాసుకీ అదే, పిల్లల కాలేజీకీ అదే. ఆయన కొట్లోనే ఉంటాడు, నంబరు మారదు. మా నంబర్లు రీఛార్జి లేకపోతే పోతాయిగా."

"అయితే మీరే రామతులశమ్మ అని నేనెలా నమ్మాలి?"

లస్కరు కోటయ్య ఆ వారం నీటిమట్టాల కాగితం ఇవ్వడానికి వచ్చి అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా మాట విని లేచాడు. "అదేంటి మేడమ్! ఆవిడ రామతులశమ్మ గారేనండి. చివరి తూము కింద పొలం. ఆ తూము తలుపు నేనేగా ఎత్తేది."

"మీరు చెబితే సిస్టమ్ ఒప్పుకోదు కోటయ్యా" అన్నాను.

రాస్తుంటే కూడా ఒళ్లు మండిపోతోంది, నా మీద నాకే. ఇరవై ఏళ్లుగా ఆ కాలువ మీద నడుస్తూ ప్రతి గట్టునీ ప్రతి మనిషినీ ఎరిగినవాడు నా ఎదురుగా నిలబడి సాక్ష్యం చెబుతున్నాడు. నేనేమో ఆరు అంకెలు కావాలంటున్నాను.

ప్రసాదు గారికి ఫోను చేశాను. విజయవాడలో ఏదో సన్మానంలో ఉన్నారు. ఎత్తలేదు. పన్నెండున్నరకి మళ్లీ చేశాను, రెండింటికి మళ్లీ చేశాను. మూడింటికి ఆయనే చేసి, "ఒకరికి తీస్తే నలభై మందికీ తియ్యాలి మేడమ్. తనిఖీవాళ్లకి మూసేశామని నిన్ననే రాసి పంపాం. సోమవారం కూర్చుని చూద్దాం" అన్నారు. వెనకాల సన్నాయి వినబడుతోంది.

రామతులశమ్మ గోడవారన కుర్చీలో కూర్చునే ఉంది. టీ ఇస్తే తాగలేదు. మీ తర్వాత వంతు ఎవరిది, ఆయన్ని అడిగి మీరే నీళ్లు పెట్టుకోవచ్చుగా అని సలహా కూడా ఇచ్చాను.

"ఆయనదీ మొక్కజొన్నే మేడమ్. ఆయనదీ ఎండుతోంది. నేనేం మొహం పెట్టుకుని అడగను?" అంది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పిల్లలూ, ఇది బాగా చదవండి. ఏ తాళమైనా తీసే వీలు నాకు ఉంది. సైటు తయారుచేసినదాన్ని, నా దగ్గర లేకుండా ఎలా ఉంటుంది? నా కంప్యూటరులో ఒక పేజీ తెరిచి, ఆవిడ పేరు పక్కన ఒక గుర్తు తీసేస్తే చాలు. అర నిమిషం పని. పై అనుమతి లేకుండా తియ్యకూడదని నియమం. ఆ నియమం కూడా నేనే రాశాను. మూడింటి నుంచి ఐదింటి దాకా ఆ పేజీ నా ఎదుట తెరిచే ఉంది. నేను రాసుకున్న నియమాన్ని నేనే తప్పితే ఇన్నేళ్లు అందరికీ చెప్పిందంతా ఏమవుతుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా గురించే ఆలోచించాను. మొక్కజొన్న గురించి కాదు.

ఐదయింది. జాబితాలో ఆవిడ పేరు కిందికి జరిగి, తర్వాతి పేరు పైకి వచ్చింది. నా ప్రోగ్రాము ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా పనిచేసింది.

"అయిపోయిందా మేడమ్?" అని అడిగింది. అయిపోయిందన్నాను. కాగితాలు సంచిలో సర్దుకుని ఐదుంబావు బస్సుకి వెళ్లిపోయింది.

కొట్టు ముందు చదివిన మెసేజ్

సోమవారం ప్రసాదు గారు వచ్చేలోపే నలభై ఖాతాల తాళాలూ తీసేశాను. ఎవరినీ అడగలేదు. అప్పటికే కాలువ కట్టేశారు. అందులో చాలామందికి అప్పటికే తడులు అయిపోయాయి, ఇంకొందరికి బోర్లు ఉన్నాయి. ఆ నీళ్లు తప్ప గతి లేనిది రామతులశమ్మకే.

రెండు వారాలాగి వినగడప వెళ్లాను. ముందు సుబ్బారావు గారి కొట్టుకి. డెబ్భై దాటిన మనిషి. కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు, ఆ తర్వాత మాట్లాడారు.

ఆయన కొట్టులో ఒక అలవాటు ఉంది. పొద్దున్నే కొట్టు తియ్యగానే ముందు రోజు నుంచి తన ఫోనుకి వచ్చిన మెసేజ్‌లన్నీ పైకి చదువుతారు. ఫలానా వాళ్లకి గ్యాసు బండ వస్తోంది, ఫలానా వాళ్ల అమ్మాయి హాల్‌టికెట్టు వచ్చింది, ఫలానా తూముకి వంతు పడింది అని. అక్కడున్నవాళ్లు విని, లేనివాళ్లకి చేరవేస్తారు. తండ్రి హయాంలో ఊరి ఉత్తరాలు కూడా ఆ కొట్టుకే వచ్చేవట.

"శుక్రవారం పొద్దున కొట్టు నిండా జనం ఉన్నారమ్మా. కళ్లజోడు పెట్టుకుని మీ మెసేజ్ చదవడం మొదలెట్టా. చివరిదాకా చదివాకగానీ అది నన్ను అన్నదని తెలీలేదు నాకు. దుర్వినియోగం అంట. నలుగురిలో, నా నోటితో నేనే చదువుకున్నా."

పొరపాటైందండి అన్నాను.

"పొరపాట్లు ఎవరికైనా వస్తాయిలే. నన్నొక మాట అడగొచ్చు కదమ్మా? నా నంబరు మీ దగ్గరే ఉందిగా!"

ఉంది. మెసేజ్ పంపింది ఆ నంబరుకే. దొంగ అని చెప్పడానికి పనికొచ్చిన నంబరు, విషయమేంటని అడగడానికి పనికి రాలేదు నాకు. ఆయన ఆ రోజే అందరినీ పిలిచి తన నంబరు ఎవరూ దేనికీ ఇవ్వొద్దన్నారు. గ్యాసు, కాలేజీ, ఆసుపత్రి, అన్నిట్లోంచీ తీయించేశారు. నేను ఎంత బతిమాలినా మళ్లీ ఒప్పుకోలేదు. "ఇంక నాకెందుకులేమ్మా ఈ వయసులో" అన్నారు. ఆయన తండ్రి నాటి నుంచి నడుస్తున్న ఒక ఏర్పాటు నా ఒక్క వాక్యంతో ఆగిపోయింది.

అక్కడి నుంచి పొలానికి వెళ్లాను. రామతులశమ్మ ఒక కంకి విరిచి, పొత్తి ఒలిచి నా చేతిలో పెట్టింది. మొదట్లో నాలుగు వరసలు గింజ ఉంది. పైనంతా ఖాళీ బెండు.

"తాళం తియ్యడం మీకు రాదేమో అనుకున్నా మేడమ్ ఆ రోజు. వచ్చంట. సోమవారం మీరే తీశారని కోటయ్య చెప్పాడు. రాకపోయినా బాగుండేది" అంది.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో చాలామంది చాలా అన్నారు. ఏ మాటా నన్ను ఇంతలా పట్టుకోలేదు. బస్సులో కూర్చున్నాక ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ కంగారుపడింది.

మార్చినవి

తర్వాత నేను చేసిన మార్పులు పెద్ద గొప్పవేం కావు. ఒక నంబరు మీద ఎంతమంది ఉన్నా సరే అన్నాను. ఎవరి ఖాతా అయినా ఆపాలంటే ముందు ఆ మనిషితో మాట్లాడాలి. మెసేజ్ కాదు, మాట. వంతుల వారంలో అసలు ఏ ఖాతా ఆపకూడదు. లాక్ అయినవాళ్ల కోసం లస్కరు "ఈవిడ ఫలానా, నేనెరుగుదును" అంటే ఆ రోజుకి తలుపు తెరుచుకుంటుంది. చెప్పిన లస్కరు పేరు అందరికీ కనబడేలా పక్కనే ఉంటుంది.

"మనిషి మాట మీద తెరిస్తే అది సెక్యూరిటీ ఏంటి మేడమ్?" అన్నారు ప్రసాదు గారు.

"ఆ అంకెలు మాత్రం ఎందుకు సార్? లోపలికి వచ్చేది ఫలానా మనిషే అని తెలియడానికేగా. అది కోటయ్యకి ముందే తెలుసు" అన్నాను. రిపోర్టులో మళ్లీ ఎరుపు పడుతుందన్నారు. పడనివ్వండి అన్నాను. పడింది. ఏమీ మునిగిపోలేదు.

సైటు మొదటి పేజీలో, జరిగింది నా తప్పని నా పేరుతో రాసిపెట్టాను. ప్రసాదు గారు తీసెయ్యమన్నారు. తియ్యలేదు. సహాయం కోసం అని పేజీ అడుగున నా సొంత ఫోను నంబరు కూడా పెట్టాను. పంట నష్టం సంగతి సమాఖ్యలో రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ తర్వాతి మీటింగుకి వాయిదా వేశారు. పచ్చరంగుకి దొరికిన టైము దీనికి దొరకలేదు.

తర్వాతి పంటకి కొత్త నమోదులు మొదలయ్యాయి. అవి ముగిశాక నేను రిటైరవ్వాలి. ఒక పొద్దున రామతులశమ్మ వచ్చింది. పేరు, తూము, ఎకరాలు రాసుకున్నాను. ఫోను నంబరు అన్నాను.

"మీదే రాసుకోండి" అంది.

"నాదా? నాదెందుకమ్మా? మీ పక్కింటివాళ్లది ఇవ్వండి."

"వాళ్లు నెలకోటి మారుస్తారు. సుబ్బారావు గారు ఇవ్వొద్దన్నారు. మీది మారదుగా, సైటు కింద రాసుంది. ఆ ఫోను మా చేతిలోంచి తీసింది మీరే మేడమ్. ఇక మీ దగ్గరే మోగనియ్యండి."

కోపంగా అందో, నమ్మకంగా అందో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ కావచ్చు. రాసుకున్నాను. తర్వాత ఆ తూము కింద ఇంకో అయిదుగురు కూడా నా నంబరే ఇచ్చారు.

రిటైరయ్యాక కూడా వంతులు పడ్డప్పుడల్లా నా ఫోనుకి కోడ్‌లు వస్తూనే ఉన్నాయి. రామతులశమ్మ ఎవరి ఫోను దొరికితే అందులో సైటు తెరిచి, దాంట్లోంచే నాకు చేస్తుంది. ప్రతిసారీ కొత్త నంబరే. మొన్న కూరగాయల బజారులో సంచి పట్టుకుని నిలబడ్డప్పుడు మోగింది.

"నేనండీ మేడమ్" అంది. పేరు చెప్పదు. "వచ్చిందాండీ?"

వచ్చింది. ఆరు అంకెలు, కింద నేను రాసిన వాక్యం: ఈ కోడ్ ఎవరికీ చెప్పకండి. ఊరూపేరూ తెలియని నంబరుకి కోడ్ చెప్పొద్దని ముప్ఫై ఏళ్లు జనానికి చెప్పి చెప్పి విసిగిపోయినదాన్ని. వంకాయల గంప పక్కన నిలబడి, అటు బస్సుల హారన్లలో ఆవిడకి వినబడాలని గొంతు పెంచి, ఒక్కో అంకె విడివిడిగా రెండుసార్లు చదివాను. చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు.

"నొక్కానండీ. నా పేరే పైన ఉంది" అంది.